ఓడే జట్టులో మంచి ఆటగాడు: ఉంచుకోవాలా, ఇచ్చేయాలా?

2024లో షికాగో వైట్ సాక్స్ 162 మ్యాచ్‌లు ఆడి 121 ఓడిపోయింది. 1901 నుంచి చూస్తే మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక సీజన్‌లో ఇన్ని ఓటములు మరే జట్టుకూ లేవు. 1962 నాటి న్యూయార్క్ మెట్స్ 120 ఓటముల భారాన్ని అరవై ఏళ్లకు పైగా మోసింది. ఆ భారం ఇప్పుడు షికాగో నెత్తికెక్కింది. అంత ఘోరంగా ఆడిన జట్టులోనూ ఇద్దరి పేర్లు మాత్రం ట్రేడ్ (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి) వార్తల్లో నానుతూనే ఉన్నాయి. ఒకరు ఎడమచేత్తో బంతి విసిరే పిచర్ గ్యారెట్ క్రోషే, ఇంకొకరు సెంటర్ ఫీల్డర్ లూయిస్ రాబర్ట్ జూనియర్. ఆ డిసెంబరులో క్రోషేను బోస్టన్ రెడ్ సాక్స్‌కు ఇచ్చేసి నలుగురు కుర్రాళ్లను తెచ్చుకున్నారు. రాబర్ట్‌ను ఉంచుకున్నారు. 2026 జనవరిలో అతన్నీ ఇచ్చేశారు గానీ, అప్పటికి గిట్టుబాటైంది చాలా తక్కువ.

జట్టును మొదటి నుంచి కట్టుకుంటున్నప్పుడు, అందులో బాగా ఆడుతున్న ఒకే ఒక్కణ్ని ఏం చేయాలి? ఈ రెండు నిర్ణయాలనూ పక్కపక్కన పెడితే జవాబు సగం దొరుకుతుంది. మిగతా సగం కోసం అదే జట్టు 2016లో మొదలుపెట్టిన ఇంకో పునర్నిర్మాణం దగ్గరికి వెళ్లాలి.

ఐపీఎల్‌కు అలవాటుపడిన వాళ్లకు ఈ తర్జనభర్జన కొంత వింతగా తోస్తుంది. అక్కడ మూడు నాలుగేళ్లకోసారి మెగా వేలం వస్తుంది. నలుగురైదుగురిని అట్టిపెట్టుకుని మిగతా జట్టంతా వదిలేసి, రెండు రోజుల్లో కొత్త జట్టును కొనుక్కోవచ్చు. అందరి పర్సూ సమానమే. హార్దిక్ పాండ్యాను 2023లో గుజరాత్ నుంచి ముంబై వెనక్కి తెచ్చుకున్నప్పుడు బదులుగా ఆటగాడెవరూ వెళ్లలేదు, డబ్బే వెళ్లింది. బేస్‌బాల్‌లో ఈ వెసులుబాట్లేవీ లేవు. వేలం లేదు. జీతాల మీద గట్టి పరిమితి లేదు కాబట్టి పెద్ద నగరాల జట్లు ఎంతైనా ఖర్చు పెడతాయి. కాలేజీ, హైస్కూల్ కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో తమ వంతును ఇంకొకరికి ఇచ్చేద్దామన్నా, కొన్ని ప్రత్యేక వంతులు తప్ప, నిబంధనలు ఒప్పుకోవు. పోనీ చిత్తుగా ఓడి డ్రాఫ్ట్‌లో మొదటి వంతు కొట్టేద్దామా అంటే 2023 నుంచి దానికీ లాటరీ పెట్టారు. 121 ఓడిన వైట్ సాక్స్‌కు 2025 డ్రాఫ్ట్‌లో దక్కింది 10వ వంతు. ఆదాయ పంపకంలో డబ్బు చెల్లించే పెద్ద మార్కెట్ జట్లు వరసగా రెండేళ్లు లాటరీలో పాల్గొనకూడదన్న నిబంధన వాళ్ల కొంప ముంచింది. ఇన్ని దారులు మూసుకుపోయాక, భవిష్యత్తును కొనుక్కోవడానికి ఓడే జట్టు చేతిలో మిగిలేది బాగా ఆడే ఆటగాడే.

ఆ ఆటగాడి విలువ అతని ప్రతిభలో ఎంత ఉంటుందో, అతని మీద జట్టుకు ఇంకా ఎన్నేళ్ల హక్కు మిగిలిందన్న దాంట్లోనూ అంతే ఉంటుంది. మేజర్ లీగ్‌లో అడుగుపెట్టిన ఆటగాడు ఆరేళ్ల సర్వీసు నిండేదాకా ఆ జట్టు చేతిలోనే ఉంటాడు. సీజన్‌లో 172 రోజులు జాబితాలో ఉంటే ఒక ఏడాది నిండినట్టు. మొదటి మూడేళ్లూ కనీస వేతనమో, దానికి కాస్త పైనో ఇస్తారు. 2024లో ఆ కనీసం 7.4 లక్షల డాలర్లు. తర్వాతి మూడేళ్లు మధ్యవర్తుల ద్వారా జీతం పెరుగుతూ పోతుంది, అయినా బజారు ధరకు చాలా దిగువనే ఉంటుంది. ఆరేళ్లు దాటాక అతను ఫ్రీ ఏజెంట్. ఎవరు ఎక్కువిస్తే వాళ్ల దగ్గరికి పోతాడు, పాత జట్టుకు మహా అయితే ఒక డ్రాఫ్ట్ వంతు పరిహారంగా వస్తుంది. కొందరు ముందే దీర్ఘకాలిక ఒప్పందం మీద సంతకం పెడతారు. రాబర్ట్ అలాంటివాడే. మేజర్ లీగ్‌లో ఒక్క బంతి ఆడకముందే, 2020 జనవరిలో ఆరేళ్లకు 5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. ఆ తర్వాత 2026, 2027లకు ఏడాదికి 2 కోట్ల చొప్పున ఇచ్చి ఉంచుకోవాలో వద్దో తేల్చుకునే హక్కు జట్టుది.

ఇప్పుడు రాబర్ట్ లెక్క కాస్త దగ్గరగా చూద్దాం. 2023లో అతను 145 మ్యాచ్‌లు ఆడి 38 హోమ్‌రన్లు కొట్టాడు, 20 బేస్‌లు దొంగిలించాడు (పిచర్ విసురుతుండగానే పరుగెత్తి తర్వాతి బేస్ చేరడం), ఆ ఏటి మేటి ఆటగాళ్లు ఆడే మ్యాచ్‌కు ఎంపికై ఆల్‌స్టార్ అయ్యాడు. వార్ అనే కొలమానం ప్రకారం ఆ సీజన్ విలువ దాదాపు 5. అంటే అతని బదులు కనీస జీతానికి దొరికే మామూలు ఆటగాణ్ని దింపి ఉంటే జట్టు ఇంకో ఐదు మ్యాచ్‌లు ఓడి ఉండేది. ఫ్రీ ఏజెంట్ల బజారులో ఒక్కో విజయానికి 80 లక్షల డాలర్ల వరకు పడుతుందని విశ్లేషకులు చాలాకాలంగా అంచనా వేస్తున్నారు. ఆ లెక్కన రాబర్ట్ ఏడాదికి 4 కోట్ల ఆట ఆడాడు. 2024కు అతని జీతం 1.25 కోట్లు. మిగిలిన తేడా మొత్తం అతన్ని అట్టిపెట్టుకున్న జట్టుకు లాభం. హక్కు ఇంకా నాలుగేళ్లుంది కాబట్టి, జీతం పెరిగేకొద్దీ కాస్త తగ్గినా, అలాంటి లాభం నాలుగేళ్లు.

కాగితం మీద ఇది బ్రహ్మాండమైన ఆస్తి. అయితే ఆ ఐదు విజయాలు ఎక్కడ పడుతున్నాయన్నది చూడాలి. 88 గెలిచే జట్టుకు ఐదు కలిస్తే 93, అంటే ప్లేఆఫ్స్, అక్టోబరులో నిండిన స్టేడియం. 61 గెలిచే జట్టులో ఆ ఐదూ లేకపోతే 56. రెండు సందర్భాల్లోనూ సీజన్ సెప్టెంబరు చివరి ఆదివారంతో సరి. ఒకే ఆట, ఒకే జీతం, కానీ ఒకరి దగ్గర అది బంగారం, ఇంకొకరి దగ్గర పట్టికలో అంకె. ట్రేడ్ అనేది అసలు సాధ్యమయ్యేదే ఈ తేడా వల్ల.

కాబట్టి చూసుకోవాల్సిన తేదీలు రెండు. ఆటగాడి మీద హక్కు ఎప్పుడు ముగుస్తుంది? జట్టు గెలిచే స్థితికి ఎప్పుడొస్తుంది? మొదటి తేదీ ఒప్పందంలోనే రాసి ఉంటుంది. రెండోదాని దగ్గరే జట్లు తమను తాము మోసం చేసుకుంటాయి. యజమానికి వచ్చే ఏడాదే కావాలి, జనరల్ మేనేజర్‌కు తన ఉద్యోగం ఉన్నన్నాళ్లలో కావాలి, అభిమానులకు ఇప్పుడే కావాలి. 2023లో 101 ఓడిన వైట్ సాక్స్ ఆ ఆగస్టులో జనరల్ మేనేజర్ రిక్ హాన్‌ను, అతని పైనున్న కెనీ విలియమ్స్‌ను తీసేసి క్రిస్ గెట్జ్‌కు పగ్గాలిచ్చింది. ఆ శీతాకాలంలో ఎవరైనా నిష్పక్షపాతంగా కూర్చుని అంచనా వేస్తే, జట్టు మళ్లీ పోటీలోకి వచ్చేది 2027లో, ఇంకా ఆశపడితే 2026లో అని తేలేది. అంటే రాబర్ట్ నాలుగేళ్లలో జట్టుకు నిజంగా పనికొచ్చేవి చివరి ఒకటో రెండో. అవీ ఖరీదైన ఏళ్లు, వయసు 28, 29 వచ్చే ఏళ్లు.

పైగా అతని ఒంటి సంగతి అప్పటికే అందరికీ తెలుసు. 2021లో 68 మ్యాచ్‌లు, 2022లో 98. పూర్తి సీజన్ అనదగ్గది 2023 ఒక్కటే. నాలుగేళ్ల పాటు గాయాలపాలు కాకుండా ఉంటాడన్న పందెం గట్టి జట్టు కాయొచ్చు, ఎందుకంటే పందెం గెలిస్తే ఆ ఏడాదే ఫలితం చేతికందుతుంది. ఓడే జట్టు అదే పందెం కాసి గెలిచినా ఫలితం మూడేళ్ల తర్వాత.

2024లో రాబర్ట్ 100 మ్యాచ్‌లే ఆడాడు, సగటు .224 (అంటే వెయ్యి ప్రయత్నాలకు 224 హిట్లు), హోమ్‌రన్లు 14. 2025లో 110 మ్యాచ్‌లు, .223, మళ్లీ 14. జట్టు మాత్రం ప్రతి జూలైలోనూ 2023 నాటి రాబర్ట్ ధర చెప్తూ వచ్చింది, కొనేవాళ్లు ఎదురుగా కనిపిస్తున్న రాబర్ట్‌ను చూస్తూ వచ్చారు. 2025 తర్వాత 2 కోట్లు పెట్టి ఇంకో ఏడాదికి ఉంచుకున్నారు. చివరికి జనవరిలో మెట్స్ నుంచి లూయిసాంఖెల్ అకూన్యా అనే ఇన్‌ఫీల్డర్‌ను, ఇంకా కింది స్థాయి లీగుల్లో ఉన్న పిచర్ ట్రూమన్ పాలీని తీసుకుని ఇచ్చేశారు. అకూన్యా 2025లో మెట్స్ తరఫున ఒక్క హోమ్‌రన్ కూడా కొట్టలేదు. 38 హోమ్‌రన్ల సెంటర్ ఫీల్డర్‌కు రెండేళ్లలో పట్టిన గతి అది.

జరిగిపోయాక ఎవరైనా చెప్తారు కదా అన్నది న్యాయమైన అభ్యంతరమే. అందుకే నిర్ణయాన్ని ఫలితంతో కాకుండా అప్పటికి తెలిసిన విషయాలతో తూచాలి. 2023 చివర్లో తెలిసినవి: నాలుగేళ్ల చవక హక్కు, కెరీర్‌లోనే గొప్ప సీజన్, గాయాల చరిత్ర, ఇప్పట్లో గెలవని జట్టు. ఈ నాలుగింటిలో ఏదీ ఇచ్చేయొద్దని చెప్పలేదు. రాబర్ట్ 2024లో 40 హోమ్‌రన్లు కొట్టి ఉన్నా ఈ మాట మారేది కాదు. తప్పు నిర్ణయం అదృష్టవశాత్తు కలిసొచ్చిందనుకోవాల్సి వచ్చేది.

క్రోషే విషయంలో అదే జట్టు ఎంత ఓపికగా, ఎంత నేర్పుగా వ్యవహరించిందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 2020 డ్రాఫ్ట్‌లో 11వ వంతులో తీసుకున్న కుర్రాడు. 2022లో మోచేతికి టామీ జాన్ శస్త్రచికిత్స. 2024కు ముందు మేజర్ లీగ్‌లో మొత్తం కలిపి అతను విసిరింది 73 ఇన్నింగ్స్, అదీ రిలీవర్‌గా, అంటే మ్యాచ్ మధ్యలో దిగేవాడిగా. అలాంటివాణ్ని 2024లో మ్యాచ్ మొదలుపెట్టే స్టార్టింగ్ పిచర్‌ను చేస్తే 146 ఇన్నింగ్స్‌లో 209 మందిని స్ట్రైకవుట్ చేశాడు. జీతం 8 లక్షల డాలర్లు. హక్కు ఇంకా రెండేళ్లు, 2026 దాకా. రెండు తేదీల పరీక్షలో ఇక్కడ సందేహమే లేదు: 121 ఓడిన జట్టు 2026లోపు గెలవదు. ఇచ్చేయాల్సిందే. తేల్చుకోవాల్సింది ఎప్పుడన్నదే.

సాధారణ సూత్రం ప్రకారం సీజన్ మధ్య ట్రేడ్‌లు ముగిసే జూలై చివరి గడువే మంచిది. అప్పుడు కొనే జట్టుకు రెండు సీజన్లతో పాటు ఆ ఏటి ప్లేఆఫ్స్ కూడా దక్కుతాయి, ఆ మేరకు ధర పెరుగుతుంది. క్రోషేకు ఆ సూత్రం పనిచేయలేదు. శస్త్రచికిత్స చేయించుకున్న చెయ్యి అంతకుముందు ఎప్పుడూ ఇన్ని ఇన్నింగ్స్ మోయలేదు కాబట్టి, సీజన్ రెండో సగంలో అతని పని బాగా తగ్గించేశారు. తనను ట్రేడ్ చేసి అక్టోబరులో విసరమంటే ముందు దీర్ఘకాలిక ఒప్పందం కావాలని అతను కోరుకుంటున్నట్టు గడువుకు కొద్దిరోజుల ముందు వార్తలొచ్చాయి. అక్టోబరులో వాడుకోగలమో లేదో తెలియని పిచర్‌కు అక్టోబరు ధర ఎవరు పెడతారు? వైట్ సాక్స్ ఆగింది. రాబర్ట్ విషయంలో కాలం గడిచేకొద్దీ ధర కరిగింది. ఇక్కడ ఆగడం వల్ల కొనేవాళ్ల భయం కరిగింది. సీజన్ ముగిసేసరికి క్రోషే చెయ్యి భేషుగ్గా ఉంది.

ఇంకో చిన్న నిబంధన కూడా కలిసొచ్చింది. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో తీసుకున్న కుర్రాణ్ని వరల్డ్ సిరీస్ (ఫైనల్) అయిపోయేదాకా ట్రేడ్ చేయకూడదు. బోస్టన్ 2024 జూలైలో 12వ వంతులో తీసుకున్న ఔట్‌ఫీల్డర్ బ్రేడన్ మాంట్‌గోమరీ ఆ నెలాఖరు గడువులో ఎవరు అడిగినా దొరికేవాడు కాదు. డిసెంబరు 11న కుదిరిన ట్రేడ్‌లో అతనున్నాడు. క్యాచర్ కైల్ టీల్, ఇన్‌ఫీల్డర్ చేజ్ మైడ్రాత్, పిచర్ వికెల్‌మన్ గొన్సాలెస్ మిగతా ముగ్గురు.

2025లో క్రోషే బోస్టన్‌కు 18 గెలిచి 5 ఓడాడు, 255 స్ట్రైకవుట్లతో రెండు లీగుల్లోనూ అందరికంటే ముందు నిలిచాడు, 17 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం చేసుకున్నాడు. వైట్ సాక్స్ 102 ఓడింది. ఈ రెండు వాక్యాలు చదివి ట్రేడ్‌లో షికాగో నష్టపోయిందనేవాళ్లు ఉంటారు. టీల్ తొలి సీజన్‌లోనే .273 కొట్టిన క్యాచర్. మైడ్రాత్ రోజువారీ ఆటగాడయ్యాడు. బ్రేడన్ మాంట్‌గోమరీ 2025 ముగిసేనాటికి ఇంకా రాలేదు. వీళ్లందరి మీదా 2030 దాకా, ఆపైన హక్కుంది. 2025లో క్రోషే షికాగోలోనే ఉండుంటే 102 బదులు ఓ 96 ఓడేవాళ్లేమో. రెండు పక్షాలూ లాభపడే ట్రేడ్‌లు ఉంటాయి, ఇది వాటిలో ఒకటి.

ఇంతవరకు వింటే బాగా ఆడేవాళ్లనందరినీ సరైన సమయంలో ఇచ్చేస్తే పని పూర్తయినట్టే అనిపిస్తుంది. ఆ భ్రమ పోవడానికే 2016.

ఆ డిసెంబరులో హాన్ రెండు రోజుల్లో రెండు ట్రేడ్‌లు చేశాడు. 6న పిచర్ క్రిస్ సేల్‌ను బోస్టన్‌కు ఇచ్చి యోఆన్ మొంకాడా, మైకేల్ కోపెక్‌తో సహా నలుగురిని తెచ్చాడు. (ఆ జూలైలో పాతకాలపు డిజైన్ జెర్సీలు నచ్చక వాటిని కత్తిరించి పారేసి సస్పెండైన పిచర్ ఈ సేలే.) 7న ఔట్‌ఫీల్డర్ ఆడమ్ ఈటన్‌ను వాషింగ్టన్‌కు ఇచ్చి లూకస్ జియోలిటో, రేనాల్డో లోపెస్, డేన్ డనింగ్ అనే ముగ్గురు పిచర్లను తెచ్చాడు. తర్వాతి జూలైలో హోసే కింటానాను ఊళ్లోనే ఉన్న కబ్స్‌కు ఇస్తే ఎలోయ్ హిమెనెస్, డిలన్ సీజ్ వచ్చారు. సేల్‌కు మూడేళ్లు, ఈటన్‌కు ఐదేళ్లు, కింటానాకు మూడున్నరేళ్లు హక్కు మిగిలి ఉండగానే ఇచ్చేశారు. సమయం చూసినా, ధర చూసినా వేలెత్తి చూపడానికి లేదు. పునర్నిర్మాణం అంటే ఇలా చేయాలని అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు.

వచ్చినవాళ్లూ ఉత్తవాళ్లేం కాదు. జియోలిటో 2020లో నో-హిట్టర్ (ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా దక్కని మ్యాచ్) విసిరాడు. సీజ్ 2022లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఓటింగ్‌లో రెండోవాడు. హిమెనెస్ మొదటి సీజన్‌లోనే 31 హోమ్‌రన్లు కొట్టాడు, మొంకాడా ఆ ఏడాదే .315 సగటు సాధించాడు. 2017 నుంచి 2019 దాకా 95, 100, 89 ఓటములు భరించాక, 2020లో ప్లేఆఫ్స్, 2021లో 93 విజయాలతో డివిజన్ టైటిల్. ఆ రెండేళ్లూ తొలి రౌండ్లోనే ఇంటికి. 2022లో 81-81. 2023లో 101 ఓటములు. ఏడేళ్ల కార్యక్రమానికి మొత్తం ఫలితం ఒక డివిజన్ టైటిల్. ఈలోగా సేల్ 2018 వరల్డ్ సిరీస్ ఆఖరి ఔట్‌ను బోస్టన్ జెర్సీలో తీశాడు. ఈటన్ 2019లో వాషింగ్టన్‌తో కప్పు ఎత్తాడు.

తప్పు ట్రేడ్‌లలో లేదు. హిమెనెస్, మొంకాడా, రాబర్ట్ ఏటా ఏదో ఒక గాయంతో కూర్చున్నారు. తెచ్చుకున్న ప్రధాన ఆటగాళ్ల చుట్టూ డబ్బు పెట్టి జట్టును పూర్తి చేయాల్సిన 2021, 2022 శీతాకాలాల్లో ఆ పని అరకొరగా జరిగింది. కింది స్థాయి నుంచి తర్వాతి వరస తయారు కాలేదు. నిజానికి ఆ పునర్నిర్మాణం మొదలవడానికి ఆరు నెలల ముందే, ఇంకా గెలుస్తామన్న నమ్మకంతో, 34 ఏళ్ల పిచర్ జేమ్స్ షీల్డ్స్ కోసం 17 ఏళ్ల కుర్రాణ్ని శాన్ డియేగోకు ఇచ్చేశారు. ఆ కుర్రాడు ఫెర్నాండో టటీస్ జూనియర్, తర్వాత 34 కోట్ల డాలర్ల ఒప్పందం అందుకున్నాడు. డిసెంబరులో తెచ్చుకున్న వాళ్లెవరూ అతని స్థాయికి చేరలేదు. రెండో తేదీని తప్పుగా ఊహిస్తే పడే మూల్యానికి ఇంతకు మించిన ఉదాహరణ వెతకనక్కర్లేదు.

వాషింగ్టన్ కథా దీనికి దగ్గరే. 2022లో 15 ఏళ్లకు 44 కోట్ల డాలర్లిస్తామంటే స్టార్ బ్యాటర్ హువాన్ సోటో కాదన్నాడు. హక్కు ఇంకా రెండున్నర సీజన్లుండగా, అంటే మూడు ప్లేఆఫ్ రేసులుండగా, ఆ ఆగస్టు 2న అతన్ని శాన్ డియేగోకు ఇచ్చేశారు. వచ్చినవాళ్లలో సీజే ఏబ్రమ్స్ 2024లో, మెకెంజీ గోర్, జేమ్స్ వుడ్ 2025లో ఆల్‌స్టార్లయ్యారు. ఒక ట్రేడ్‌లో ముగ్గురు ఆల్‌స్టార్లు దొరకడం అరుదు. అయినా 2025లో వాషింగ్టన్ 96 ఓడింది, ఆ ట్రేడ్ చేసిన మైక్ రిజో సీజన్ మధ్యలోనే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. సోటో 2024 డిసెంబరులో మెట్స్ దగ్గర 76.5 కోట్లకు సంతకం పెట్టాడు. ఆ ధర వాషింగ్టన్ ఎలాగూ పెట్టేది కాదు కాబట్టి ట్రేడ్ సరైనదే. మిగతా 23 మందిని తయారు చేసుకోకపోవడం వేరే లెక్క.

ఇచ్చేయకూడని సందర్భాలూ ఉన్నాయి. 2016 నాటి ఆ అమ్మకాల్లో హోసే అబ్రేయును మాత్రం వైట్ సాక్స్ కదపలేదు. వయసు అప్పటికి ముప్ఫైకి దగ్గరపడింది, హక్కు 2019తో సరి. తేదీల పరీక్ష పెడితే వెంటనే పంపేయాలి. కానీ ముప్ఫై దాటిన ఫస్ట్ బేస్‌మన్‌కు ట్రేడ్ బజారులో పెద్ద ధర పలకదు. బ్యాట్ తప్ప వేరే ఉపయోగం ఉండదని అనుకుంటారు. అటువైపు క్యూబా నుంచి వచ్చిన మొంకాడాకు, రాబర్ట్‌కు అదే దేశం నుంచి వచ్చిన అబ్రేయు పెద్దన్నలాగా ఉండేవాడు. బయట పలికే ధర కంటే ఇంట్లో ఉన్న విలువ ఎక్కువ. 2019 తర్వాత మళ్లీ మూడేళ్లకు సంతకం పెట్టించుకున్నారు, 2020లో అతను అమెరికన్ లీగ్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. జట్టు గెలిచిన కొద్దికాలానికీ అతను అక్కడే ఉన్నాడు.

దీనికి పూర్తి వ్యతిరేకం రిలీవర్లు. ఒక్కో మ్యాచ్‌లో ఒక ఇన్నింగ్ విసిరే ఈ పిచర్ల ఫామ్ ఎప్పుడు పోతుందో వాళ్లకే తెలియదు, గెలవాలనుకునే జట్లేమో జూలైలో వాళ్లకోసం ఎగబడతాయి. 2022లో బాల్టిమోర్ ఏళ్ల తర్వాత ప్లేఆఫ్ పోటీలో ఉండగా ఆల్‌స్టార్ క్లోజర్ (చివరి ఇన్నింగ్ విసిరే రిలీవర్) హోర్హే లోపెస్‌ను మిన్నెసోటాకు ఇచ్చేసింది. అభిమానులు మండిపడ్డారు. బదులుగా వచ్చిన నలుగురిలో అంతగా ఎవరూ పట్టించుకోని యెనియెర్ కానో మరుసటి ఏడాదే ఆల్‌స్టార్ అయ్యాడు, జట్టు 101 గెలిచింది. ఫామ్ పోయిన లోపెస్‌ను 2023 సెప్టెంబరులో ఇంకో జట్టు వదిలేస్తే బాల్టిమోరే మళ్లీ తీసుకుంది. ఓడే జట్టులో మంచి రిలీవర్ ఉంటే ఇక ఆలోచించాల్సిన పనే లేదు.

అభిమానుల సంగతి కూడా లెక్కలోకి రావాల్సిందే, కానీ జట్లు చెప్పే పద్ధతిలో కాదు. స్టార్‌ను ఉంచుకుంటే జనం వస్తారని రాబర్ట్ విషయంలోనూ అన్నారు. 121 ఓడే జట్టును చూడటానికి ఒక్క సెంటర్ ఫీల్డర్ కోసం ఎవరూ రారు. జనం ఓపిక పట్టేది అమ్మకాలు ఒకసారి జరిగి, ఆ తర్వాత ఆగిపోయినప్పుడు. వైట్ సాక్స్ అభిమాని పదేళ్లలో రెండోసారి అదే సినిమా చూస్తున్నాడు. మొదటిసారి తెచ్చుకున్న సీజ్‌నే 2024 మార్చిలో శాన్ డియేగోకు ఇచ్చేశారు. అక్కడికెళ్లిన నాలుగు నెలలకే అతను నో-హిట్టర్ విసిరాడు. అతనికి బదులుగా వచ్చిన డ్రూ థోర్ప్ మరుసటి మార్చిలో మోచేతి శస్త్రచికిత్సకు వెళ్లాడు.

ఇక 2025 చివరికి షికాగో దగ్గరున్నది చూస్తే కొంత ఆశ కనిపిస్తుంది. షార్ట్‌స్టాప్ కోల్సన్ మాంట్‌గోమరీ 71 మ్యాచ్‌ల్లో 21 హోమ్‌రన్లు కొట్టాడు. 2026 డ్రాఫ్ట్ లాటరీలో ఈసారి మొదటి వంతు దక్కింది. అసలు పరీక్ష మాత్రం షేన్ స్మిత్‌తో వస్తుంది. 2024 డిసెంబరులో, వేరే జట్ల ప్రధాన జాబితాలో చోటు దక్కనివాళ్లను తీసుకునే రూల్ 5 డ్రాఫ్ట్ ద్వారా మిల్వాకీ నుంచి లక్ష డాలర్లకు తెచ్చుకున్న పిచర్ ఇతను. సీజన్ మొత్తం మేజర్ లీగ్ జాబితాలో ఉంచాలన్నదే షరతు. వచ్చిన ఏడాదే 3.81 ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చిన సగటు పరుగులు)తో నిలదొక్కుకుని ఆల్‌స్టార్‌కు వెళ్లాడు. హక్కు 2030 దాకా. జట్టు 2027లోనో 2028లోనో లేస్తుందనుకుంటే మూడు, నాలుగు సీజన్లు కలిసొస్తాయి, కాబట్టి ఇప్పుడు ఫోన్ చేసేవాళ్లకు ఎంత మర్యాదగా చెప్పినా కాదనే చెప్పాలి. పిచర్ మోచెయ్యి ఎప్పుడైనా దెబ్బతినొచ్చు కాబట్టి, ఎవరైనా టీల్ స్థాయి కుర్రాళ్లను ఇద్దరిని ముందు పెడితే వినొచ్చు. జట్టు ఇంకా అడుగునే ఉండగా 2028 జూలై వస్తే మాత్రం స్మిత్ మీద మిగిలే హక్కు రెండున్నర సీజన్లు. సోటోను ఇచ్చేసిన రోజు వాషింగ్టన్ చేతిలో ఉన్నదీ సరిగ్గా అంతే.